కృష్ణకమలం తీగకు కాయలు నిలవాలంటే

అల్వాల్, హైదరాబాదు

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు ఆశీస్సులు.

పోయిన సెలవులలో మా పెరటిలో కృష్ణకమలం తీగకు కాసే ప్యాషన్‌ఫ్రూట్ తిన్నప్పటి నుండి ఆ తీగను మీ ఇళ్లలోనూ పెంచాలని ఉందని రాశారు. చాలా సంతోషించాను. అయితే నేను మొదట నాటిన పసుపు రకం తీగ ఏడాదిన్నరలో పందిరంతా అల్లుకొని, విరగబూసి కూడా, ఒక్క పిందెనూ నిలపలేదన్న సంగతి మీకు ముందుగా చెప్పాలి. ఎరువు చాలలేదనుకొని మరింత వేశాను. ఆకులు మాత్రమే దట్టమయ్యాయి.

అసలు కారణం పువ్వులోనే ఉంది. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఈ తీగలో ఊదా రంగు కాయల రకం తన పుప్పొడితోనే కాస్తుంది కానీ, అది కొడగు వంటి చల్లని ప్రాంతాలను ఇష్టపడుతుంది. మన వేడికి తట్టుకొనే పసుపు రకానికి మాత్రం వేరే మొక్క పుప్పొడి తప్పనిసరి. ఒకే తీగ నుండి తీసిన రెండు కొమ్మలను నాటినా అవి ఒకే మొక్క కిందే లెక్క. కాబట్టి వేర్వేరు గింజల నుండి మొలిచిన రెండు తీగలు పెట్టండి.

పువ్వును దగ్గరగా చూడండి. చుట్టూ ఉన్న సన్నని పోగులను కౌరవులనీ, మధ్యనున్న, పుప్పొడి ఉండే అయిదు కేసరాలను పాండవులనీ మన పెద్దలు అంటారు. వాటిపైన పుప్పొడిని అందుకొనే మూడు కీలాగ్రాలు ఉంటాయి. పసుపు రకం పువ్వు మధ్యాహ్నం విచ్చుకుంటుంది. అప్పుడు నిటారుగా ఉండే ఆ మూడూ కొంతసేపటికి కిందికి వంగుతాయి. వంగిన తరువాతే, ఒక తీగ పుప్పొడిని చిన్న కుంచెతో తీసుకొని రెండో తీగ పువ్వు కీలాగ్రాలకు అద్దండి. నల్లని పెద్ద తుమ్మెదలు ఈ పనిని మనకంటే చక్కగా చేస్తాయి కనుక, అవి గూడు పెట్టుకొనేందుకు పందిరికి ఒక ఎండు వెదురు బొంగు కట్టి ఉంచండి, పురుగుమందు మాత్రం కొట్టవద్దు. వాన పడే రోజున పుప్పొడి తడిసి పాడవుతుంది.

మిగిలినవి తేలికే. మన వైపు కాస్త తవ్వగానే మొరం తగులుతుంది కాబట్టి, నీరు నిలవకుండా పాదును ఎత్తుగా వేసి, ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. వేళ్లు పైపైనే ఉంటాయి గనుక పాదులో గునపం ఆడించకుండా ఎండుటాకులు పరచండి. మే నెల ఎండలకు పూత రాలడం సహజం, దిగులు పడవద్దు. పూలు కొత్త చిగుళ్లకే వస్తాయి కాబట్టి కాపు అయ్యాక పాత కొమ్మలను కత్తిరించండి.

పువ్వు నిలిచాక కాయ పండడానికి సుమారు 70 నుండి 80 రోజులు పడుతుంది. కాయలను కోయవద్దు, పండినవి వాటంతట అవే రాలుతాయి. పొద్దున్నే ఏరుకొని, తొక్క కొద్దిగా ముడతలు పడేదాకా ఉంచి తినండి, అప్పుడే పులుపు తగ్గి తియ్యగా ఉంటాయి. ఈ ఆదివారం వచ్చినప్పుడు ఒక్కో ఇంటికి రెండేసి తీగల నారు తీసుకువెళ్లండి. రెండూ వేర్వేరు కాయల గింజలతో పోసినవే.

ఇట్లు,
మీ తాతయ్య