పళ్లన్నీ ఒకే వరసలో ఎందుకు లేవంటే

బిడ్డలూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు చింతచెట్టు కింద, ట్రాక్టర్ వెనక తగిలించి దున్నే కల్టివేటర్ చుట్టూ తిరిగి, "తాతా, తొమ్మిది పళ్లూ ఒకే వరసలో పెట్టొచ్చు కదా" అని అడిగారు. చుట్టాల సందడిలో జవాబు చెప్పలేకపోయాను. మంచి ప్రశ్న, అందుకే రాస్తున్నా.

మన దాంట్లో మట్టిని గీరే ఇనప పళ్లు ముందు నాలుగు, వెనక ఐదు ఉన్నాయి. సాలుకూ సాలుకూ మధ్య 9 అంగుళాలు. అన్నీ ఒకే వరసలో బిగిస్తే ఆ సందుల్లో పత్తికట్టె, గడ్డివేళ్లు, మట్టిపెళ్లలు ఇరుక్కుంటాయి, చిక్కుజుట్టులో దువ్వెన ఆగినట్టు. రెండు వరసలు చేస్తే ఒక్కో వరసలో పంటికీ పంటికీ 18 అంగుళాల ఎడం దొరుకుతుంది. చెత్త జారిపోతుంది, సాలు మాత్రం 9 అంగుళాలకే పడుతుంది.

ఇక స్ప్రింగులు. మన దేవరకొండ వైపు చెల్కల్లో ఏ మట్టి కింద ఏ రాయి ఉందో పైకి కనబడదు. పన్ను రాయికి తగలగానే టంగుమని మోగుతుంది, స్ప్రింగ్ సాగుతుంది, పన్ను వెనక్కి లేస్తుంది. రాయి దాటగానే మళ్లీ మట్టిలో దిగుతుంది. స్ప్రింగ్ లేకపోతే పన్నయినా వంగుతుంది, బోల్టయినా తెగుతుంది. మా నాయన తుమ్మకర్ర నాగలికి ఆ స్ప్రింగు ఆయన చెయ్యే. కర్రుకు రాయి తగిలిన అదురు నాగలి పిడి, అదే మేడిలోంచి అరచేతికి వచ్చేది, వెంటనే ఎడ్లను ఆపి నాగలి లేపేవాడు. ఇప్పుడు డ్రైవర్ సీట్లోంచే లివర్‌తో లేపుతాడు. కల్టివేటర్‌ను ట్రాక్టర్‌కు మూడు చోట్ల తగిలించి అలా లేపే పద్ధతికి ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ 1926లో పేటెంట్ పొందాడు.

కల్టివేటర్ మట్టిని తిరగెయ్యదు, అది ఇనప రెక్క నాగలి పని. పై నాలుగైదు అంగుళాలు గుల్ల చేసి గడ్డి వేళ్లు పెకిలిస్తుంది. అదైనా మట్టిలో పదును, అంటే సరైన తేమ, ఉంటేనే. ఒక ఏడాది వాన వెలిసిన మర్నాడే, ట్రాక్టర్ మళ్లీ దొరకదన్న టెన్షన్‌తో, రేగడి చేను దున్నించాను. వారానికల్లా పెళ్లలు ఇటుకల్లా ఎండిపోయాయి, విత్తనం సగం కూడా మొలవలేదు. ఇప్పుడు గుప్పెడు మట్టి పిసికి చూస్తాను. ముద్ద చేతికి అంటకుండా, వేలితో నొక్కితే పొడిగా విడిపోవాలి. జిగటగా ఉంటే ట్రాక్టర్‌ను వెనక్కి పంపేస్తాను.

పంటి కొసన ఉండే కర్రుకు రెండు వైపులా మొన ఉంటుంది. ఒకవైపు అరిగితే బోల్టులు విప్పి తిప్పి బిగించాలి. అరిగిన కర్రు మట్టిలో దిగదు, డీజిల్ తాగుతుంది. వెనక వరసలో రెండు అరిగాయి. మీరు ఎండాకాలం సెలవులకు వచ్చేదాకా అలాగే ఉంచుతాను. పానా పట్టడం చిన్నోడి వంతు.

మీ తాత