చిన్న విశ్వవిద్యాలయ డేటా సెంటర్‌లో విద్యుత్ పొదుపు: అపోహలు - వాస్తవాలు

మన విశ్వవిద్యాలయాల్లో డేటా సెంటర్ అంటే చాలాచోట్ల ఒక పాత ల్యాబ్ గదికి అద్దాల తలుపు బిగించి, సర్వర్లు పేర్చిన ఆరేడు ర్యాకులు నిలబెట్టి, గోడలకు స్ప్లిట్ ఏసీలు తగిలించిన ఏర్పాటే. కరెంటు బిల్లు భారమైందని ఆ గదిని బాగుచేయడానికి పూనుకున్న ప్రతిసారీ ముందుగా కొత్త యంత్రాల కొటేషన్లే బల్ల మీదికి వస్తాయి. ఈ పనిలో ఉన్నవాడిగా నేను ముందు సర్వర్ల సంఖ్యను, ఆ తర్వాత గాలి దారిని సరిచేసి, యంత్రాల కొనుగోలును చివరికి ఉంచుతాను. అలా ఎందుకు చేస్తానో చెప్పాలంటే, నాకు తరచూ ఎదురయ్యే కొన్ని అపోహల గురించి రాయాలి.

అపోహ: గది ఎంత చల్లగా ఉంటే సర్వర్లకు అంత మంచిది.

వాస్తవం: శీతలీకరణ ఇంజనీర్ల సంఘమైన ఆష్రే 2004లో 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ వరకు సూచించి, 2008లో ఆ పరిధిని 18 నుంచి 27 డిగ్రీలకు విస్తరించింది. ఈ అంకెలు గది మధ్యలో కొలిచే ఉష్ణోగ్రతకు కాక, సర్వర్ ముందు భాగం నుంచి లోపలికి పీల్చుకునే గాలికి వర్తిస్తాయన్న సంగతి చాలామంది గమనించరు. గూగుల్ ఇంజనీర్లు తమ హార్డ్ డిస్కుల వైఫల్యాలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ డిస్కును మరింత చల్లగా ఉంచినందువల్ల అది ఎక్కువ కాలం మన్నుతుందన్న ఆధారం కనిపించలేదు.

ఒకచోట ఏసీ రిమోట్‌లో 18 డిగ్రీలు పెట్టినా, ర్యాక్ పైభాగాన ఉన్న సర్వర్ మాత్రం వేడెక్కిపోతున్నట్టు హెచ్చరికలు పంపుతూనే ఉంది. పల్చని కాగితం పేలికను దారానికి కట్టి, ఆ ర్యాక్‌లో సర్వర్ లేని ఖాళీ అర ముందు వేలాడదీశాను. చల్లని గాలి ముందు నుంచి వెనక్కి పోవాలి కాబట్టి పేలిక లోపలికి వంగాలి. అది నా ముఖం వైపు ఎగిరింది. వెనుక నుంచి వెలువడిన వేడి గాలి ఆ సందులోంచి ముందుకు వచ్చి, పై సర్వర్‌లోకి మళ్లీ చేరుతోందన్నమాట. ఖాళీ అరలన్నిటికీ బ్లాంకింగ్ ప్యానెళ్లు, అంటే సందును మూసే పలకలు, బిగించి, కేబుళ్ల కోసం కోసిన రంధ్రాలను బ్రష్ పట్టీలతో మూసిన తర్వాతే ఆ హెచ్చరికలు ఆగాయి, ఏసీలను 24 డిగ్రీలకు పెంచగలిగాం. మొత్తం ఆధునికీకరణలో అన్నిటికన్నా చవకైన వస్తువు ఆ ప్యానెలే, అయినా టెండర్లలో అది అరుదుగా కనిపిస్తుంది.

గదిని అతిగా చల్లబరిస్తే ఇంకొక నష్టం ఉంది. సర్వర్లు వేడినే వదులుతాయి తప్ప తేమను వదలవు. కాబట్టి గాలిలోని తేమ చల్లబడి ఏసీ పైపు నుంచి నిరంతరం కారే నీరంతా, సర్వర్లకు ఏ మేలూ చేయని పని మీద మనం పెట్టిన కరెంటే. అలాగని ఉష్ణోగ్రతను ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు. ఫ్యాన్ వేగం పెరిగితే దానికి కావలసిన విద్యుత్తు ఆ వేగపు ఘనానికి అనుగుణంగా (వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లు) పెరుగుతుంది కాబట్టి, 27 డిగ్రీలు దాటాక సర్వర్ల సొంత ఫ్యాన్లే ఆదా అయినదాన్ని తినేయడం మొదలుపెడతాయి. యూపీఎస్ బ్యాటరీల సంగతి వేరు: సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర ఉండాలి, ఆపైన పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. వాటిని వేరే గదిలోకి మార్చాకే సర్వర్ గది ఉష్ణోగ్రతను పెంచండి.

అపోహ: చల్లని దేశాల్లో మాదిరిగా బయటి గాలిని లోపలికి వదిలితే ఏసీల అవసరమే ఉండదు.

వాస్తవం: విశాఖపట్నం వంటి తీర నగరాల్లో ఏడాదిలో ఎక్కువ భాగం గాలిలోని తేమే సర్వర్లకు తగిన పరిమితులను దాటేస్తుంది. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కొన్ని గంటలు ఇది సాధ్యమే అయినా, దుమ్మును ఆపే ఫిల్టర్ల ఖర్చు, వాటి నిర్వహణ లెక్కలోకి తీసుకుంటే చిన్న గదికి గిట్టుబాటు కాదనే నా అభిప్రాయం.

అపోహ: పని లేని సర్వర్ కరెంటు తినదు.

వాస్తవం: పూర్తి భారం మీద వాడే విద్యుత్తులో దాదాపు సగాన్ని సర్వర్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా వాడుతుందని గూగుల్ ఇంజనీర్లు బరోసో, హోల్జ్లే 2007లోనే చూపించారు. కొత్త సర్వర్లు ఈ విషయంలో మెరుగుపడినా, విశ్వవిద్యాలయాల్లో ఉండేవి ఎక్కువగా పాతవే. ఎప్పుడో ముగిసిన ప్రాజెక్టు కోసం కొన్న సర్వర్లు, యజమాని ఎవరో తెలియక, ముట్టుకుంటే ఏమవుతుందోనన్న భయంతో అలాగే నడుస్తుంటాయి. ఫలితాల సర్వర్ వంటిది సెమిస్టర్‌కు ఒక్కసారే పనిచేస్తుంది కనుక, ఒక పూర్తి సెమిస్టర్ పాటు నెట్‌వర్క్ రాకపోకలను గమనించకుండా దేనినీ పనికిరానిదని తేల్చవద్దు. ఆ తర్వాత ముందుగా నెట్‌వర్క్ కేబుల్ మాత్రమే తీసి ఒక నెల ఆగండి. ఎవరూ ఫోన్ చేయకపోతే డేటాను భద్రపరచి సర్వర్‌ను ఆపేసి, ర్యాక్ నుంచి తీసి, ఆ ఖాళీకి ప్యానెల్ బిగించండి. మిగిలిన పనులను వర్చువల్ సర్వర్లుగా, అంటే ఒకే యంత్రంలో సాఫ్ట్‌వేర్‌తో విడివిడిగా నడిచే సర్వర్లుగా, మార్చి రెండు మూడు కొత్త యంత్రాలలో సర్దవచ్చు.

అపోహ: పీయూఈ తగ్గితేనే పొదుపు జరిగినట్టు.

వాస్తవం: పీయూఈ అంటే గది మొత్తం వాడిన విద్యుత్తును సర్వర్ల వంటి కంప్యూటర్ పరికరాలు వాడిన విద్యుత్తుతో భాగిస్తే వచ్చే అంకె. సర్వర్లు 30 కిలోవాట్లు, మిగతా ఏర్పాట్లు 30 కిలోవాట్లు వాడే గదిలో అది 2. సర్వర్లను కుదించి 15 కిలోవాట్లకు తెచ్చాక ఏసీలు, యూపీఎస్ కలిపి 20కి దిగాయనుకుందాం. అప్పుడు పీయూఈ 2.33కు పెరుగుతుంది. కానీ మొత్తం వాడకం 60 నుంచి 35 కిలోవాట్లకు తగ్గింది, అంటే ఏడాదికి 2,19,000 యూనిట్ల ఆదా. పీయూఈ ఒక్కటే చూసే కమిటీ ముందు ఇంత మంచి పని విఫలమైనట్టు కనిపించే ప్రమాదం ఉంది కనుక, నివేదికలో మొత్తం యూనిట్లనే మొదటి వరుసలో పెట్టాలని నేను పట్టుబడతాను.

అపోహ: యూపీఎస్ ఎంత పెద్దదైతే అంత నిశ్చింత.

వాస్తవం: సామర్థ్యంలో ఐదో వంతు కూడా భారం లేని యూపీఎస్ నిండు భారం మీదకన్నా ఎక్కువ వాటా విద్యుత్తును వృథా చేసి, దాన్ని వేడిగా గదిలోకే వదులుతుంది, దాన్ని తొలగించడానికి ఏసీ మళ్లీ కరెంటు వాడాలి. అవసరాన్ని బట్టి మాడ్యూళ్లు (సామర్థ్యాన్ని పెంచే విడి భాగాలు) చేర్చుకోగలిగే యూపీఎస్ చిన్న గదులకు సరిపోతుంది. అయితే సర్వర్ల కుదింపు పూర్తయి, ప్రవేశాలు, ఫలితాల వారాల్లో అసలు భారం ఎంతో మీటరు మీద చూసేవరకు దాని సామర్థ్యాన్ని టెండర్‌లో రాయించకండి.