బోరుకు డబ్బు పంపే ముందు: మెట్ట సేద్యంపై అపోహలు - వాస్తవాలు

నేను బెంగళూరులో ఉంటూ అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్ట రైతులతో పని చేస్తాను. నెలలో సగం రోజులు చేలల్లోనే గడుస్తాయి. ఇక్కడ కలిసే తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: “ఊళ్లో నాన్నకు ఇంకో బోరు వేయించమంటారా?” కదిరి, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి, జీతంలో కొంత సొంతూరి చేనుకు పంపే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అపోహ: ఇంకా లోతుకు వేస్తే నీళ్లు పడతాయి.

వాస్తవం: అక్కడ నేల కింద ఉన్నది గట్టి రాయి. నీరు నిలిచేది పైన చివికిన రాతి పొరలో, ఆ కింద పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లూ తగ్గుతాయి. వెయ్యి అడుగుల దగ్గర దొరికేది కూడా ఎప్పుడో ఇంకిన వాననీరే. పక్క చేని బోరుకు నీరిచ్చే పగులే మన బోరుకూ తగిలితే, ఇద్దరూ ఒకే కుండ తోడుకుంటున్నట్టు. పక్కనే కర్ణాటకలోని కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో ఏటా ఇంకేదాని కన్నా తోడేదే ఎక్కువ.

అపోహ: వాన తక్కువ కావడమే కరువు.

వాస్తవం: అనంతపురం ప్రాంతపు సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. సగటు నిండిన ఏడాది కూడా వేరుశనగ ఎండిపోవడం నేను చూశాను. ఊడలు దిగే దశలో, అంటే పూత తర్వాత కాయ కట్టే కాడలు నేలలోకి దిగేటప్పుడు, మూడు వారాలు వాన లేక బెట్ట తగిలితే, ఆ తర్వాత ఒక్క రాత్రి కుండపోత కురిసి లెక్క సరిపోయినా కాయ ఊరదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అందుకే కురిస్తే కుండపోతగా కురుస్తోంది. వానకూ వానకూ మధ్య ఎడం పెరిగితే, ఆ ఎడాన్ని దాటించడమే మన పని.

దానికి ఒక దారి పంట కుంట, అంటే చేలోనే వాననీరు నిలిపే గుంత. ఒక తడి 20 మిల్లీమీటర్ల వానంత అనుకుంటే, ఎకరానికి దాదాపు 80 వేల లీటర్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు పంట కుంటలో, గట్లు వాలుగా ఉంటాయి కాబట్టి, 3 లక్షల లీటర్ల కన్నా తక్కువే పడతాయి. అయినా బెట్టలో ఎకరానికి ఒకటి రెండు తడులు ఇవ్వవచ్చు. మేము మొదట్లో తవ్వించిన కుంటల్లో కొన్ని వారానికే ఇంకిపోయాయి. ఎర్రనేలలో మట్టి, సిమెంటు కలిపిన పూత లేకుండా కుంట నిలవదని ఆ రైతుల నష్టంతో నేర్చుకున్నాం. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

వేరుశనగ సాళ్ల మధ్య కంది సాలు కూడా ఇలాంటి భరోసాయే. తల్లివేరు లోతుకు దిగుతుంది, అక్టోబరు వానలను అందుకుంటుంది.

అపోహ: డ్రిప్ పెడితే భూగర్భజలం మిగులుతుంది.

వాస్తవం: ఎకరానికి మిగులుతుంది. మిగిలిన నీటితో ఇంకో ఎకరం టమాటా వేస్తే మిగిలిందేమీ లేదు.

అపోహ: అందరూ చిరుధాన్యాలు వేస్తే చాలు.

వాస్తవం: కొర్ర మూడు నెలల్లోపే చేతికొస్తుంది, ఆలస్యంగా విత్తినా పండుతుంది. కానీ పొట్టు తీసే మిల్లు దగ్గర్లో లేకపోతే ఆ భారం ఇంట్లో ఆడవాళ్ల మీదే పడుతుంది. ముందు మిల్లు సంగతి చూడాలి.

అపోహ: వాతావరణ మార్పు రైతుకు తెలియదు, మనమే చెప్పాలి.

వాస్తవం: “ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు” అని పెరిగిన మనిషికి కార్తె తప్పుతోందని మన కన్నా ముందే తెలుసు. ఆయనకు కావలసింది రాబోయే ఐదు రోజుల సమాచారం. వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో జిల్లాలవారీగా వ్యవసాయ సూచనలు ఇస్తుంది. మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే చదవవచ్చు. నాన్న ఫోనులో అది పెట్టి, చూడటం నేర్పండి.

ఈసారి ఊరెళ్లినప్పుడు వాన పడితే గొడుగు పట్టుకుని చేను గట్టు వెంట నడవండి. నీళ్లు ఎక్కడ చేరుతున్నాయో, ఏ మూల గండి కొట్టి బయటికి పోతున్నాయో నాన్ననే చూపించమనండి. కుంట తవ్వాల్సిన చోటు, గట్టు వేయాల్సిన చోటు అక్కడే తెలుస్తాయి. బోరు డబ్బులో ఎంత దీనికి సరిపోతుందో అప్పుడు లెక్క వేయండి.