చుట్టూ సముద్రమే, అయినా కార్చిచ్చే: పసిఫిక్ దీవుల మంటలపై అపోహలు - వాస్తవాలు

హవాయి, గువామ్, యాప్, పలావు, ఫిజీ అనగానే కొబ్బరిచెట్లు, వాన, పచ్చదనం కళ్లముందు మెదులుతాయి. 2023 ఆగస్టు 8న హవాయిలోని మావీ దీవిలో లహైనా పట్టణం కాలిపోయి 102 మంది చనిపోయాకే, ఈ దీవుల్లోనూ కార్చిచ్చు ఉంటుందన్న సంగతి చాలామందికి తెలిసింది. ఇక్కడ కార్చిచ్చును అడ్డుకునే పనిలో ఉన్నవాళ్లకు అది పాత శత్రువే. హవాయి వైల్డ్‌ఫైర్ మేనేజ్‌మెంట్ ఆర్గనైజేషన్ 2000 నుంచీ ఇదే పని మీద ఉంది. ఈ పనిలో ఎక్కువ భాగం మంటలు లేని రోజుల్లోనే జరుగుతుంది: గడ్డి కోయించడం, కంచె వేయించడం, గేట్ల తాళాలు చూడటం, ఇంటింటికీ తిరిగి చూరు కింద ఏముందో చూపించడం. ఆ తిరుగుళ్లలో మళ్లీ మళ్లీ వినిపించే మాటలివి.

అపోహ: ఇన్ని వానలు పడే దీవులు ఎలా అంటుకుంటాయి?

వాన దీవి అంతటా ఒకేలా పడదు. ఈశాన్య వ్యాపార పవనాలు కొండకు తగిలి గాలి తగిలే వైపే కురుస్తాయి, వెనక వైపు ఎండగడతాయి. లహైనా వెనకున్న కొండల శిఖరం మీద ఏడాదికి 9,000 మి.మీ. పైగా వాన. అక్కడికి పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న లహైనాకు దక్కేది సుమారు 350 మి.మీ. మన అనంతపురం కన్నా తక్కువ.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. పావు అంగుళం కన్నా సన్నని ఎండుపుల్ల, గడ్డిపోచ చుట్టూ ఉన్న గాలిలోని తేమకు గంటసేపట్లో సర్దుకుంటాయి. రాత్రి జల్లు పడినా, పొద్దున ఎండ కాసి గాలి తోలితే మధ్యాహ్నానికి ఎండుగడ్డి మళ్లీ మంటకు సిద్ధం. అందుకే "నిన్ననే వాన పడిందిగా" అన్న మాట ఇక్కడ లెక్కలోకి రాదు. హవాయిలో రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక (మంట అంటుకుంటే వేగంగా పాకే రోజని చెప్పే వాతావరణ హెచ్చరిక) ఇవ్వడానికి చూసేవి మూడు: గాలిలో తేమ 45 శాతం లేదా తక్కువ, గాలి వేగం గంటకు 32 కి.మీ. లేదా ఎక్కువ, 0 నుంచి 800 దాకా లెక్కించే కరువు సూచీ 600 లేదా ఎక్కువ. అమెరికా ప్రధాన భూభాగంలో పనిచేసి వచ్చినవాళ్లు ఆ 45 శాతం చూసి నవ్వుతారు. అక్కడ చాలాచోట్ల తేమ 15-25 శాతానికి పడితేనే హెచ్చరిక. గడ్డి బాగా ఎండి ఉండి, గాలి తోడైతే 45 శాతం తేమ మంటను ఆపదు.

అపోహ: ఎల్ నినో వస్తేనే ప్రమాదం, వాన బాగా పడిన ఏడాది నిశ్చింత.

వాన బాగా పడిన ఏడాదే గడ్డి బాగా ఏపుగా పెరుగుతుంది. ఎల్ నినో ఏడాది హవాయిలో వేసవి తడిగా గడిచి, చలికాలం, ఆ తరవాతి వసంతం ఎండిపోవడం మామూలు. ముందు ఇంధనం పెరగడం, తరవాత అది ఎండటం, రెండూ కలిసొస్తాయి. గువామ్, యాప్, పలావులున్న మైక్రోనేషియాలో ఎల్ నినో దెబ్బ మరుసటి ఏడాది జనవరి నుంచి మే దాకా కనపడుతుంది. 1997-98లో, మళ్లీ 2015-16లో అదే జరిగింది. 2016లో పలావులో తాగునీటికి అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. కాబట్టి ఎల్ నినో ప్రకటన రాగానే గువామ్, యాప్, పలావుల్లో చేతిలో కొన్ని నెలల గడువుందని అర్థం. ఆ గడువులోనే గడ్డి కోయాలి, ట్యాంకులు నింపాలి. ఎండు మొదలయ్యాక కోత మిషన్ పట్టుకుని బయల్దేరితే మిషనే మంట పెడుతుంది.

అపోహ: పిడుగులు, లావా వల్లే అంటుకుంటాయి.

హవాయి మంటల్లో 98 శాతానికి పైగా మనుషుల వల్ల మొదలైనవే. ఎండుగడ్డి మీద ఆపిన బండి సైలెన్సర్, తెగిన కరెంటు తీగ, చెత్త మంట, బాణసంచా, ఆకతాయి అగ్గిపుల్ల. గువామ్‌లో మరో కారణం కూడా ఉంది: వేటగాళ్లు లేత చిగుళ్లకు జింకలు వస్తాయని గడ్డి తగలబెడతారు. మనుషులు పెట్టే మంటలు కనక మనుషులతో మాట్లాడే ఆపాలి. ఊరి పెద్దలతో, వేటగాళ్లతో కూర్చోకుండా కట్టే హెచ్చరిక బోర్డుల వల్ల ఒరిగేది తక్కువ.

అపోహ: గడ్డే కదా, అడవి కాదుగా.

అసలు సమస్యంతా గడ్డే. హవాయి భూమిలో దాదాపు నాలుగో వంతు బయటినుంచి వచ్చిన గడ్డి, పొదలతో నిండిపోయింది. వాటిలో చాలావరకు తెలుగువాళ్లకు పాత పరిచయాలే. పాడి రైతులు పశుగ్రాసంగా పెంచే గినీ గడ్డి అక్కడ పది అడుగులు పెరిగి రోడ్ల పక్కన గోడలా నిలబడుతుంది. మెట్ట నేలల పశుగ్రాసం అంజన్ గడ్డి అక్కడి ఎండు తీరాల్ని కప్పేసింది. ప్రకాశం జిల్లాలో కాగితం మిల్లుల కోసం పెంచే సుబాబుల్‌ను అక్కడ కోవా హౌలే అంటారు. ఎండకు ఆకు రాల్చి, ఎండుకాయలతో నిలబడి, కాలినా మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. మన దగ్గర రోజూ కోసి పశువులకు వేసే గడ్డి అక్కడ కోసేవాడు, మేసేది లేక మంటకు మేతవుతోంది. తేడా అంతే.

కోసేవాడు ఎందుకు లేడంటే, చెరకు తోటలు మూతపడ్డాయి. లహైనాలో పయనీర్ చక్కెర మిల్లు 1999లో మూసేశారు. హవాయిలో చివరి చక్కెర మిల్లు, అదీ మావీ దీవిలోనిదే, 2016 డిసెంబరులో ఆగిపోయింది. చెరకు ఉన్నన్నాళ్లూ కాలువలు పారేవి, తోట బాటలు శుభ్రంగా ఉండేవి, వాటిమీద ట్యాంకర్లు తిరిగేవి, నిప్పు కనపడితే పరిగెత్తే కూలీలు ఉండేవారు. మిల్లుతోపాటు అవన్నీ పోయాయి. పొలాల్లో గడ్డి మిగిలింది.

"వదిలేస్తే అదే అడవవుతుంది" అనేవాళ్లూ ఉన్నారు. కాదు. గడ్డి కాలినప్పుడు అంచునున్న స్థానిక చెట్లు చస్తాయి, ఎందుకంటే వాటిలో చాలావాటికి మంటను తట్టుకునే గుణం లేదు. గడ్డి మాత్రం దుబ్బులోంచి కొద్ది వారాల్లోనే లేస్తుంది. ఖాళీ అయిన చోటును కూడా అదే ఆక్రమించి మళ్లీ కాలుతుంది. ప్రతి మంటకూ అడవి అంచు కొండ పైకి జరుగుతూ పోతుంది. హవాయిలో ఏటా సగటున కాలే భూమి మొత్తం విస్తీర్ణంలో అర శాతం దాకా ఉంటుంది. ఈ నిష్పత్తిలో అమెరికా పడమటి రాష్ట్రాలకు ఏమాత్రం తీసిపోదు. 2021లో హవాయి దీవుల్లో అన్నిటికన్నా పెద్దదైన బిగ్ ఐలాండ్‌లో మానా రోడ్ మంట ఒక్కటే 40,000 ఎకరాలు తినేసింది.

అపోహ: బుల్డోజర్‌తో ఒక గీత గీస్తే మంట ఆగిపోతుంది.

మంట నాలుక నాలుగు అడుగుల లోపు ఉంటేనే చేతి పనిముట్లతో మనుషులు ఎదురునిలవగలరు. ఎనిమిది అడుగుల దాకా ఇంజిన్లు, బుల్డోజర్లు. అది దాటితే మంట ముఖానికి అడ్డం పోవడం ప్రాణాలతో ఆట. పది అడుగుల గినీ గడ్డి గాలిలో కాలితే మంట బాటకు అడ్డంగా పడుకుంటుంది, రవ్వలు దాటేస్తాయి. కాబట్టి ఆ గీత, అంటే ఫైర్ లైన్, అసలు పని మంటను ఆపడం కన్నా దాని ఎత్తు తగ్గించి, మనుషులు నిలబడి పోరాడే చోటు ఇవ్వడం. మధ్యలో ట్యాంకర్ తిరిగే మట్టి బాట, రెండు పక్కలా గడ్డిని చీలమండ ఎత్తుకు తెచ్చిన పట్టీ. ఆ పట్టీ ఎంత వెడల్పుంటే అంత మేలు.

గినీ గడ్డిని ఒకసారి కోసి వదిలేస్తే రెండు నష్టాలు: కోసిన గడ్డి అక్కడే ఎండి పరుపవుతుంది, దుబ్బు రెట్టింపు బలంతో లేస్తుంది. కోసిందాన్ని తీసేయాలి. చిగురు అడుగు, అడుగున్నర రానిచ్చి అప్పుడు కలుపు మందు కొట్టాలి, ఎందుకంటే మందు లోపలికి వెళ్లేది పచ్చి ఆకు ద్వారానే. ఎండిన మోడు మీద కొట్టే మందు డబ్బు దండగ. కోత ఉదయం పది లోపు ముగించాలి. బ్లేడు లావా రాయికి తగిలి లేచే ఒక్క రవ్వ చాలు. పక్కనే పార, నీళ్ల డబ్బా ఉండాలి.

విశాలమైన చోట కోత కన్నా పశువులే చౌక. అవి మేయాలంటే తాగడానికి తొట్టి, చుట్టూ కంచె ఉండాలి. తొట్టి ఎక్కడుంటే అక్కడే మేస్తాయి కనక దాన్ని ఫైర్ లైన్ దగ్గర పెట్టడమే కిటుకు. బయటినుంచి వచ్చిన మరో గడ్డి, ఫౌంటెన్ గడ్డిని ముదిరాక పశువులు పెద్దగా ముట్టవు, దాన్ని లేతగా ఉన్నప్పుడే మేపాలి. మేకలు కంచె దాటితే మిగిలిన స్థానిక మొక్కల్నీ నమిలేస్తాయి. గువామ్‌లో మరో పద్ధతి వాడారు: ఆస్ట్రేలియా తుమ్మ లాంటివి పట్టీలుగా నాటి, నీడతో కత్తిగడ్డిని అణచడం. నీడ కమ్ముకునేదాకా కొన్నేళ్లు ఆ మొక్కల్ని మంటనుంచి కాపాడాలి, అసలు కష్టం అక్కడే.

అపోహ: పొగ ఆగితే మంట ఆరినట్టే.

లహైనాలో ఆ రోజు ఉదయం తెగిన తీగలకు మళ్లీ కరెంటు రావడంతో అంటుకున్న గడ్డి మంటను అదుపులోకి తెచ్చారు. గంటల తరవాత, మధ్యాహ్నం గాలిలో, లోపల రగులుతూ మిగిలిన నిప్పు మళ్లీ లేచి పట్టణం మీద పడిందని దర్యాప్తు తేల్చింది. సర్కారు తుమ్మకు దగ్గరి బంధువైన కియావే చెట్టు వేరు నేల లోపల రోజుల తరబడి పొగ లేకుండా కాలగలదు. ఆర్పే క్రమం ఇది: నీళ్లు పోయాలి, పారతోనో పులాస్కీతోనో (ఒక వైపు గొడ్డలి, ఒక వైపు బాడిస ఉండే పనిముట్టు) తిరగేయాలి, మళ్లీ నీళ్లు పోయాలి, చివర గ్లవ్ తీసి చేతి వెనక భాగం దగ్గరగా పెట్టి వేడి ఉందేమో చూడాలి. నీళ్లు తక్కువైతే అందులో 0.1 నుంచి 1 శాతం దాకా నురుగు మందు కలిపితే లోపలికి ఇంకుతాయి. వట్టి నీళ్లు బూడిద పైనుంచి జారిపోతాయి. గాలి పెరుగుతుందని తెలిసిన రోజు అక్కడ కాపలా ఉండాల్సిందే.

అపోహ: సముద్రమంత నీళ్లున్నాయి, ఇంకేం కావాలి?

హెలికాప్టర్లు సముద్రపు నీళ్లు ముంచుకుని పోస్తాయి, నిజమే. కానీ ఉప్పు యంత్రాన్ని తింటుంది, నేలనూ పాడుచేస్తుంది. పైగా మంట ఉగ్రంగా ఉండే రోజే గాలి ఉగ్రంగా ఉంటుంది, ఆ గాలికి హెలికాప్టర్ లేవదు. లహైనాలో అదే అయింది. ఫైర్ ఇంజిన్లకు నీళ్లిచ్చే వీధి కుళాయిల్లోనూ (హైడ్రంట్లు) నీళ్లు పలచబడ్డాయి, ఎందుకంటే కాలిన ప్రతి ఇంట్లో పైపు పగిలి నీళ్లు వృథాగా పోతుంటే లైన్లో ఒత్తిడి ఉండదు.

ఇంకో దీవినుంచి ఫైర్ ఇంజిన్ రోడ్డు మీద రాదు. ప్రధాన భూభాగం 3,800 కి.మీ. దూరం. మొదటి రోజు ఉన్నవాళ్లే ఉంటారు. ఉన్నవాళ్లెవరు? కౌంటీ ఫైర్ సిబ్బంది, వాళ్లకు తోడు అటవీ శాఖ జీవశాస్త్రవేత్తలు, కాలిబాటలు చూసేవాళ్లు, సొంత నీళ్ల ట్యాంకున్న పశువుల కాపర్లు. అటవీ మంటల్లో కష్టమైన పనికి అర్హత పరీక్షలో 45 పౌండ్ల బరువు వీపున వేసుకుని మూడు మైళ్లు 45 నిమిషాల్లో నడవాలి. పక్షుల లెక్క రాసుకునే ఉద్యోగి కూడా ఆ పరీక్ష పాసైతేనే మంట దగ్గరికి వెళ్తాడు.

అపోహ: మంట గోడలా వచ్చి ఇళ్లను మింగుతుంది, మనం చేసేదేం లేదు.

ఎక్కువ ఇళ్లు అంటుకునేది మంట తగిలి కాదు, ఎగిరొచ్చిన రవ్వలు పడి. తరవాత ఒక ఇంటి వేడికి పక్క ఇల్లు. అందుకే ఇంటి గోడనుంచి మొదటి ఐదు అడుగులు అన్నిటికన్నా విలువైనవి: అక్కడ కంకరో, రాయో, సిమెంటో తప్ప కాలేదేదీ ఉండకూడదు. గోడకు ఆనించిన కట్టెలు, ప్లాస్టిక్ చెత్తడబ్బా, చీపురు, కొబ్బరి పీచు కాలిపట్టా కూడా. ఐదునుంచి ముప్పై అడుగుల దాకా చెట్లు విడివిడిగా, కింది కొమ్మలు నరికి, గడ్డి కురచగా. ముప్పైనుంచి వంద దాకా పలుచన చేస్తే చాలు.

దీవుల ఇళ్లకు సొంత బలహీనతలు కొన్ని ఉన్నాయి. పిల్లర్ల మీద లేపి కట్టిన చెక్క ఇళ్ల కింద ఖాళీలో పాత పలకలు, పడవ సామాను, అట్టపెట్టెలు దాస్తారు. రవ్వలు అక్కడే గూడు కడతాయి. ఆ ఖాళీ చుట్టూ, చూరు వెంటిలేటర్లకూ ఎనిమిదో వంతు అంగుళం, అంటే సుమారు 3 మి.మీ. కన్నుండే లోహపు జాలీ కొట్టాలి. ప్లాస్టిక్ దోమతెర కరిగిపోతుంది. ఎప్పుడూ తెరిచే ఉండే పలకల కిటికీలు మూసి వెళ్లాలి. కొబ్బరి, ఇతర తాటిజాతి చెట్ల ఎండు మట్టలు రవ్వల్ని పట్టుకుని వాటిని మళ్లీ వందలుగా విసురుతాయి. ఎండకాలానికి ముందే దించేయాలి.

లహైనాలో చుట్టూ అన్నీ బూడిదైనా ఎర్ర పైకప్పుతో నిలబడ్డ ఇంటి ఫొటో చాలామంది చూసే ఉంటారు. ఆ ఇంటివాళ్లు అంతకు ముందే లోహపు రేకుల కప్పు వేయించి, చూరు కింద దాకా రాళ్లు పరిచి, గోడ దగ్గర మొక్కలు తీసేశారు. ఆ పని మంట కోసం కాదు, చెదల భయంతో చేశారు.

అపోహ: గడ్డి మళ్లీ మొలుస్తుంది, నష్టమేముంది?

గువామ్ దక్షిణాన ఏటా కాలే కొండల మీద ఎర్రమట్టి బయటపడి ఉంటుంది. మొదటి గట్టి వానకే అది వాగుల్లోకి, అక్కడినుంచి పగడాల మీదికి. కాలిన కొండ కిందున్న తాగునీటి పథకానికీ అదే బురద. నిప్పు ఆర్పిన మర్నాడే చూడాల్సింది ఏ వాలు ఏ వాగులోకి దిగుతోందని.

ఫిజీ పడమటి వైపు, 1903 తరవాత మద్రాసు రేవునుంచి ఓడల్లో వెళ్లిన తెలుగు కూలీల వారసులు ఉన్న చెరకు ప్రాంతంలో కూడా ఇదే గొడవ. అక్కడి గడ్డి కొండల్ని తలసింగ అంటారు, ఎండకు మాడిన నేల అని అర్థం. చెరకు కోత, ఎండకాలం ఒకటే. కోత సులువవుతుందని పొలం తగలబెడితే నిప్పు గట్టు దాటి కొండ ఎక్కుతుంది, పైన్ తోటలు కాలతాయి. కాల్చిన చెరకు గబగబా మిల్లు చేరకపోతే చక్కెరా తగ్గుతుంది.

అపోహ: సైరన్ మోగాక బయల్దేరుదాం.

హవాయిలో సుమారు 400 సైరన్లున్నాయి. లహైనాలో ఆ రోజు అవి మోగలేదు. మోగితే జనం సునామీ అనుకుని మౌకా, అంటే కొండ వైపు, మంటలోకే వెళ్తారేమోనన్నది అధికారులు చెప్పిన కారణం. కరెంటు, ఫోను టవర్లు పోతే ఫోను హెచ్చరికా రాదు. కాబట్టి రెడ్ ఫ్లాగ్ రోజున బండి ముఖం రోడ్డు వైపు పెట్టి, ట్యాంకు సగానికి తగ్గకుండా ఉంచి, పొగ వాసన రాగానే ముసలివాళ్లతో, పిల్లలతో కదలాలి.

ఎటు కదలాలన్నది ముందే తేలాలి. బిగ్ ఐలాండ్‌లో వైకొలోవా గ్రామంలా, బయటికి ఒక్క పెద్ద రోడ్డే ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి. రెండో దారి తరచూ ఎవరి పశువుల పొలంలోంచో వెళ్లే మట్టి బాట, దానికి గేటు, గేటుకు తాళం. ఒకే గొలుసుకు పొలం యజమాని తాళం, ఫైర్ సిబ్బంది తాళం, ఊరి కమిటీ తాళం ఒకదాని కొంకికొకటి తగిలిస్తే ఎవరి తాళంచెవితోనైనా గేటు తెరుచుకుంటుంది. తగిలించి మర్చిపోతే మాత్రం ఉప్పుగాలికి కొన్ని నెలల్లోనే తాళం తుప్పు పట్టి బిగుసుకుంటుంది. నూనె వేసి, తాళంచెవి తిప్పి, గేటు పూర్తిగా తెరిచి, ఒక బండిని అవతలి రోడ్డు దాకా నడిపి చూడాలి.