సీతాఫలం గుజ్జుకు పొయ్యి పనికిరాదు

సీతాఫలం గుజ్జు డబ్బాలో వేసి మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టినా తెల్లారేసరికి పైన గోధుమరంగు పొర కడుతోంది, పోనీ అని చక్కెర వేసి ఉడికిస్తే చేదెక్కింది, తోటలో ఇంకా నాలుగు గంపల కాయ ఉంది, ఏం చెయ్యమంటారని జడ్చర్ల నుంచి ఒక పాఠకురాలు అడిగారు. సెప్టెంబరు చివర మొదలై నవంబరు దాకా పాలమూరు ఇండ్లలో ఉండే బాధే ఇది. ఇక్కడి బాలానగర్ పేరు మీద దేశమంతా తెలిసిన సీతాఫలం రకమే ఉంది. కాలం వచ్చిందంటే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా గంపలు బారులు తీరుతాయి. పండుకు కరువు లేదు, నిలవ చేయడమే కష్టం.

మామిడికైతే తాండ్ర ఉంది, నిమ్మకు ఉప్పు ఉంది, ఉసిరికి నూనె ఉంది. ఎండ, ఉప్పు, నూనె, పాకం, పొయ్యి: మన నిల్వ విద్య అంతా ఈ ఐదింటి చుట్టూ తిరుగుతుంది. సీతాఫలం వీటిలో దేనికీ సరిగ్గా లొంగదు. ఎందుకో తెలియాలంటే నలుపు సంగతి ముందు చూడాలి.

గుజ్జులోని ఒక్కో కణంలో రెండు సరుకులు విడివిడిగా ఉంటాయి. ఫీనాల్ జాతి పదార్థాలు రిక్తిక అనే నీటి సంచిలో ఉంటాయి. పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము (రసాయన మార్పును వేగపరిచే ప్రోటీను) ప్లాస్టిడ్లు అనే చిన్న అరల్లో ఉంటుంది. మధ్యన ఉన్నవి పల్చటి పొరలు, అంతే. పక్కపక్క మళ్ళ మధ్య గట్టు ఉన్నట్టు అనుకోండి. గట్టు నిలిచి ఉన్నంతసేపు ఏ మడి నీళ్ళు ఆ మడిలోనే ఉంటాయి, గుజ్జు పాలలా తెల్లగా ఉంటుంది. చెంచా దిగిందంటే గట్టు తెగింది. ఎంజైము, ఫీనాలు కలిసిపోతాయి, పైనుంచి ఆక్సిజన్ అందుతుంది. ఫీనాలు క్వినోన్ అవుతుంది. క్వినోన్లు కుదురుగా ఉండే రకం కాదు. ఒకదానితో ఒకటి, పక్కనున్న ప్రోటీన్లతోనూ అతుక్కుని పెద్ద పెద్ద అణువులవుతాయి. మనకు కనిపించే గోధుమరంగు వాటిదే. అది విషం కాదు. రంగు మారిందని పారబోయనక్కర్లేదు, పులిసిన వాసన వస్తే మాత్రం పారబోయాల్సిందే.

ఆపిల్ ముక్క నల్లబడేది అందులోని ఇనుము తుప్పు పట్టడం వల్లే అని ఇప్పటికీ కొన్ని బడుల్లో చెబుతున్నారు. తప్పు. ఈ ఎంజైము గుండెలో ఉన్నది ఇనుము కాదు, రాగి. అయినా పాలమూరు పిల్లలకు ఈ పాఠం చెప్పడానికి ఆపిల్ దేనికి? ఒక సీతాఫలం పగలగొట్టి బల్ల మీద పెడితే పీరియడ్ అయిపోయేలోపు పాఠం కళ్ళ ముందే జరుగుతుంది.

ఈ గట్టు సంగతి పట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి. బాగా మాగిన పండులో గట్లు అప్పటికే మెత్తబడి ఉంటాయి, అందుకే అది విప్పగానే రంగు తిరుగుతుంది. గంపలో అడుగున నలిగిన కాయలో గట్లు లోపల్లోపలే తెగి ఉంటాయి, తొక్క మీద ఏమీ కనిపించకపోవచ్చు. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే ఊరందరి గట్లూ ఒక్కసారి తెగినట్టు, పైగా గాలి కూడా కలుస్తుంది. ఫ్రీజరులో నెమ్మదిగా గడ్డకట్టిన గుజ్జులో పెద్ద పెద్ద మంచు పలుకులు తయారై మిగిలిన గట్లను కూడా తెంపుతాయి. చలికి ఎంజైము మందగిస్తుందే గానీ చావదు. అందుకే మంచు కరిగిన గుజ్జు తాజా గుజ్జు కన్నా తొందరగా రంగు తిరుగుతుంది.

మరి ఎంజైమునే చంపేస్తే? కూరగాయలకు చేసేది అదే, మరిగే నీళ్ళలో ముంచి తీస్తారు. ఈ ఎంజైము పూర్తిగా పోవాలంటే 80–90 డిగ్రీల సెల్సియస్ వేడి కొన్ని నిమిషాలు తగలాలి. సీతాఫలం గుజ్జేమో 55–65 డిగ్రీల మధ్యలోనే కమ్మదనం పోగొట్టుకుని చేదు పట్టడం మొదలుపెడుతుంది. ఎంజైము చచ్చేలోపే రుచి చస్తుంది. జామ్ కావాలంటే 104–105 డిగ్రీల దాకా ఉడకాలి, ఇక చెప్పేదేముంది. జడ్చర్ల పాఠకురాలి గిన్నెలో జరిగిందిదే, చక్కెర తక్కువై కాదు.

కాబట్టి మిగిలిన దారి చలి, పులుపు, గాలి తగలనీయకపోవడం, చేతి వేగం.

కాయ కోతతోనే పని మొదలవుతుంది. కండ్ల మధ్య సందులు విచ్చుకుని లేత పసుపుకు తిరిగిన కాయే కొయ్యాలి. కండ్లు తెరవని కాయ మాగదు, వడిలిపోతుంది. గట్టి కాయను ఫ్రిజ్‌లో పెట్టకండి. 12 డిగ్రీల కన్నా తగ్గితే తొక్క నల్లబడి లోపల గుజ్జు పండకుండానే ఉండిపోతుంది. గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పెడితే కాయ వదిలే, పండును మాగబెట్టే ఇథిలీన్ వాయువు దాని చుట్టూనే నిలిచి రెండు మూడు రోజుల్లో మాగుతుంది. కార్బైడ్ జోలికి పోవద్దు, అది నిషేధం, దాని అవసరమూ లేదు. రోజూ పొద్దున ఒక్కొక్క కాయ తొడిమ దగ్గర వేలితో మెల్లగా నొక్కి చూసి, మెత్తబడినవి మాత్రమే ఆ రోజు పనికి తీయండి. నాలుగు గంపలనూ ఒకే రోజు తేల్చేద్దామంటే సగం నల్లబడుతుంది.

కాయను విప్పకముందే నీళ్ళ ధార కింద, పాత బ్రష్షుతో కండ్ల సందుల్లో కడగండి. తెల్లటి పిండినల్లి అక్కడే దాక్కుంటుంది. తడి ఆరాక పని మొదలుపెట్టండి. గిన్నెలు, చెంచాలు స్టీలువే కావాలి. ఇనుము తగిలితే ఫీనాళ్ళతో కలిసి మరకలు పడతాయి, ఇత్తడి, రాగి తగిలితే మనం వేసే విటమిన్ సి పాడవుతుంది.

ఇక మందు. కిలో గుజ్జుకు ఒక గ్రాము ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, పొడి (టీ చెంచాలో పావు వంతు), రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, 150 గ్రాముల చక్కెర పొడి. బేకరీ సరుకులు అమ్మే దుకాణాల్లో ఈ విటమిన్ పొడి దొరుకుతుంది. చప్పరించే విటమిన్ మాత్రల్లో నారింజ రుచి, రంగు ఉంటాయి, అవి వద్దు. ఒక్క నిమ్మరసంతో సరిపోదా అంటే సరిపోదు. నకిరేకల్ నిమ్మ ఎంత మంచిదైనా 100 మిల్లీలీటర్ల రసంలో సిట్రిక్ ఆమ్లం ఐదారు గ్రాములుంటే విటమిన్ సి 30–50 మిల్లీగ్రాములే. ఒక గ్రాము విటమిన్ కావాలంటే రెండు లీటర్ల పైనే రసం పొయ్యాలి. ఈ రెంటి పనులు వేరు. పులుపు పీహెచ్‌ను (పులుపును కొలిచే అంకె, పులుపు పెరిగే కొద్దీ ఇది తగ్గుతుంది) తగ్గించి ఎంజైమును మందగింపజేస్తుంది. ఆస్కార్బిక్ ఆమ్లం తయారైన క్వినోన్‌ను తిరిగి ఫీనాలుగా మార్చేస్తుంది, అంటే పక్క మడిలోకి పారిన నీళ్ళను మళ్ళీ వెనక్కి ఎత్తిపోస్తుంది. ఎత్తిపోసే కొద్దీ అది ఖర్చవుతుంది, అయిపోయిన క్షణం నుంచి నలుపు మొదలు. గాలి ఎంత తక్కువ తగిలితే అది అంత కాలం వస్తుంది. చక్కెర తీపి కోసం మాత్రమే కాదు, గుజ్జును చిక్కబరిచి ఆక్సిజన్ లోపలికి దిగకుండా కొంత ఆపుతుంది.

వరుస ముఖ్యం. నిమ్మరసంలో విటమిన్ పొడి కరిగించి ముందు గిన్నె అడుగున పోసి ఉంచాలి, గుజ్జు అందులోకే పడాలి. అంతా తీశాక పైన చల్లితే ఆలస్యమైపోయినట్టే. తొక్కకు అంటుకున్న పొరను గీకకండి, వదిలెయ్యండి. నోట్లో రవ్వలా తగిలే రాతి కణాలు ఎక్కువగా ఉండేది అక్కడే, వాటి గోడలు కట్టెలో ఉండే లిగ్నిన్‌తో గట్టిపడి ఉంటాయి గనుక ఎంత సేపు ఉంచినా మెత్తబడవు. గింజలు తియ్యడానికి అర సెంటీమీటరు చిల్లులున్న గిన్నెలో వేసి చేత్తో మెల్లగా తిప్పండి, గింజ పైన మిగులుతుంది. గింజలతో కలిపి మిక్సీలో మాత్రం వెయ్యకండి. గింజ పప్పు విషం. పేల మందుగా నూరి తలకు పట్టించే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది, కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. దయచేసి పిల్లల తలకు పెట్టకండి.

ఒక్కసారికి రెండు కిలోల కాయకు మించి విప్పకండి. అందులోంచి గుజ్జు 800 గ్రాముల అటూ ఇటూ వస్తుంది. జిప్ ఉన్న మందపాటి సంచుల్లో 250 గ్రాముల చొప్పున పోసి, జిప్ కొసన కొంచెం తెరిచి ఉంచి సంచిని నీళ్ళ బకెట్లో నెమ్మదిగా దించండి. నీటి ఒత్తిడికి గాలి పైకి పోతుంది, నీళ్ళు జిప్ అంచుకు రాగానే బిగించెయ్యండి. ఒకటిన్నర సెంటీమీటర్ల మందానికి పరిచి ఫ్రీజరులో విడివిడిగా పెడితే తొందరగా గడ్డకడుతుంది, మంచు పలుకులు చిన్నవిగా ఉంటాయి. 50 లీటర్ల ఫ్రీజరులో రోజుకు రెండు కిలోలకు మించి పెడితే అన్నీ నెమ్మదిస్తాయి. మైనస్ 18 డిగ్రీలుంటే ఆరేడు నెలలు రుచి నిలుస్తుంది. ఒంటి తలుపు ఫ్రిజ్ మంచు గదిలో అంత చలి ఉండదు, నెలలోపు వాడుకోండి. కరెంటు పోయే ఊర్లలో ఒక కప్పు నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టి ఉంచండి. బిళ్ళ మునిగి కనిపించిందంటే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్ళీ గట్టిపడిందన్నమాట, ఆ గుజ్జు తినకండి.

ఎండబెట్టడం ఈ పండుకు అచ్చిరాదు. గుజ్జు ఆరేలోపే పులుస్తుంది. సీసాలో పోసి, మూత బిగించి, నీళ్ళలో ఉడికించి అటక మీద పెట్టడం అంతకన్నా ప్రమాదం. సీతాఫలం గుజ్జు పీహెచ్ 5 పైనే ఉంటుంది. 4.6 దాటితే, గాలి లేని చోట బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం తయారుచేసే క్లాస్ట్రిడియం బాక్టీరియా పెరగగలదు. దాని బీజాలు మరిగే నీళ్ళకు చావవు, 121 డిగ్రీలు కావాలి. రెండు చెంచాల నిమ్మరసం వేశాం కదా అనుకోవద్దు, ఆ పులుపు రంగును కాపాడేంతే.

 

వాడేటప్పుడు సంచిని విప్పకుండా రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి, పొద్దుటికి కరుగుతుంది. బాసుంది చేస్తే లీటరు పాలను సగానికి మరిగించి, చక్కెర, యాలకుల పొడి అందులోనే వేసి దించండి. గిన్నె పూర్తిగా చల్లారాక, ఫ్రిజ్‌లో గంట ఉంచి, వడ్డించే ముందు 250 గ్రాముల గుజ్జు కలపండి. వేడి పాలలో కలిపితే నిమ్మ పులుపుకు పాలు విరుగుతాయి, చేదు కూడా మళ్ళీ వస్తుంది.