ఫెర్గూసన్ పోలీసులు ఊరి ఖజానా నింపే పనిలో ఎలా పడ్డారు

2010 మార్చిలో అమెరికాలోని ఫెర్గూసన్ పట్టణ ఫైనాన్స్ డైరెక్టర్ ఆ ఊరి పోలీసు చీఫ్‌కి ఒక లేఖ రాశారు. ఏడాది ముగిసేలోపు చలానాలు బాగా పెంచకపోతే వచ్చే ఏడు వసూళ్లు పెరగడం కష్టమని, అమ్మకపు పన్ను రాబడి బాగా పడిపోయేలా ఉంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని దాని సారాంశం. మరుసటి ఏడు మార్చిలో చీఫ్ తన పైఅధికారి, ఊరి పాలన నడిపే సిటీ మేనేజర్‌కి లెక్క చెప్పారు. ఫిబ్రవరిలో కోర్టు రాబడి 1,79,862 డాలర్లు, గత నాలుగేళ్లలో ఇదే పెద్ద నెల. "అద్భుతం!" అని జవాబొచ్చింది.

ఈ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం 2014 ఆగస్టు 9న. మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల నల్లజాతి యువకుణ్ణి డారెన్ విల్సన్ అనే తెల్లజాతి పోలీసు కాల్చి చంపాడు. శవం దాదాపు నాలుగు గంటలు నడిరోడ్డు మీదే ఉంది. తర్వాత వారాల తరబడి ఆందోళనలు, బాష్పవాయువు, సైనిక వాహనాల్లాంటి పోలీసు బండ్లు. ఇదంతా టీవీల్లో చూశాం. 2015 మార్చి 4న అమెరికా న్యాయశాఖ ఒకే రోజు రెండు నివేదికలు ఇచ్చింది. విల్సన్ మీద ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కేసు పెట్టడానికి ఆధారాలు లేవని ఒకటి చెప్పింది. రెండోది మొత్తం ఫెర్గూసన్ పోలీసు శాఖ గురించి. గొడవంతా మొదటిదాని చుట్టూ తిరిగింది కానీ, తీరిగ్గా కూర్చుని చదవాల్సింది రెండోది. ఫైనాన్స్ డైరెక్టర్ లేఖ బయటపడింది అందులోనే.

మనకు ఇక్కడ ఒక సందేహం రావాలి. ఫైనాన్స్ డైరెక్టర్‌కి పోలీసులతో పనేంటి? మన దగ్గర పోలీసు వ్యవస్థ రాష్ట్ర ప్రభుత్వానిది. తెనాలి మున్సిపల్ కమిషనర్ తెనాలి సీఐకి పని చెప్పలేరు. సీఐ డీఎస్పీకి, ఆయన ఎస్పీకి జవాబు చెప్పుకుంటారు. అమెరికాలో అలా కాదు. ఊరు మున్సిపాలిటీ అయితే చాలు, సొంత పోలీసు శాఖ పెట్టుకోవచ్చు, సొంత కోర్టూ పెట్టుకోవచ్చు. ఫెర్గూసన్‌లో అప్పట్లో పోలీసు చీఫ్ సిటీ మేనేజర్ కింద పనిచేసేవారు. మున్సిపల్ జడ్జి పార్ట్‌టైమ్, ఆయన్ని నియమించేది సిటీ కౌన్సిల్. కోర్టు గుమస్తాల మీద పెత్తనం పోలీసు చీఫ్‌ది. ఊరి తరఫు లాయరే కోర్టులో ప్రాసిక్యూటర్ కూడా. పట్టుకునేవాళ్లు, వాదించేవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు, డబ్బు లెక్కపెట్టుకునేవాళ్లు అంతా ఒకే గొడుగు కింద ఉండేవారన్నమాట.

ఇలాంటి ఊళ్లు అక్కడ ఒకటీ రెండూ కావు. మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరం 1876లో ఓటు వేసి తన కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి విడిపోయింది. పల్లెల ఖర్చు మనమెందుకు మోయాలన్నది అప్పటి నగరవాసుల లెక్క. ఆ లెక్క తర్వాత వాళ్లకే ఎదురు తిరిగింది. నగరం సరిహద్దులు అక్కడే ఆగిపోయాయి, జనం మాత్రం బయటికి పోతూ కౌంటీలో కొత్త ఊళ్లు కట్టుకున్నారు. ఒక్కో కాలనీ ఒక్కో మున్సిపాలిటీ అయింది. ఇళ్లు ఎలా కట్టాలో, ఎవరికి అమ్మాలో తామే నిర్ణయించుకోవడానికి అదొక దారి. నల్లవాళ్లకు ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లో రాసుకునే షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కేసు పుట్టింది కూడా సెయింట్ లూయిస్‌లోనే. 2014 నాటికి కౌంటీలో 90 మున్సిపాలిటీలు, 81 మున్సిపల్ కోర్టులు తేలాయి. బెవర్లీ హిల్స్ అనే ఊరు కూడా ఉంది, సినిమా తారలది కాదు, ఆరు వందల జనాభా కూడా లేనిది. అప్పట్లో దానికీ సొంత పోలీసులుండేవాళ్లు.

ఫెర్గూసన్ వీటిలో కాస్త పాతది, పెద్దది. 1855లో విలియం ఫెర్గూసన్ అనే భూస్వామి రైల్వే కంపెనీకి స్థలం ఇచ్చి, అక్కడ కట్టే స్టేషన్‌కి తన పేరు పెట్టించుకున్నాడు. 1894లో అది మున్సిపాలిటీ అయింది. పక్కనే కిన్‌లాక్ అనే ఊరుంది. 1910లో మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ మొదటిసారి విమానం ఎక్కింది అక్కడి మైదానం నుంచే. కానీ ఈ కథలో కిన్‌లాక్‌తో మన పని వేరు. అది నల్లజాతివాళ్ల ఊరు. ఫెర్గూసనేమో చీకటి పడ్డాక నల్లవాళ్లెవరూ ఉండకూడదనే రాయని చట్టం నడిచిన ఊరు. రెండు ఊళ్ల మధ్య ప్రధాన రోడ్డుకి ఫెర్గూసన్ గొలుసు కట్టి, అడ్డు పెట్టింది. ఇంకో దారి మాత్రం పగటిపూట తెరిచి ఉంచారు. ఎందుకంటే ఫెర్గూసన్ ఇళ్లలో అంట్లు తోమి, పిల్లల్ని చూసుకునే ఆడవాళ్లు కిన్‌లాక్ నుంచే రావాలి. ఆ అడ్డు పోయింది 1960ల చివర్లో. 1975లో రెండు ఊళ్ల బడులను కలపమని ఫెడరల్ కోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

1980ల నుంచి లాంబర్ట్ విమానాశ్రయం విస్తరణ కోసం కిన్‌లాక్‌లో ఇళ్లు కొనేస్తూ పోయారు. వేల మంది ఉన్న ఊరు ఖాళీ అయిపోయి 2010 జనాభా లెక్కల్లో 298 మంది మిగిలారు. ముంపు గ్రామాల సంగతి తెలిసిన మనకు ఈ దృశ్యం కొత్త కాదు. పోయినవాళ్లలో చాలామంది ఫెర్గూసన్‌లోని అపార్ట్‌మెంట్లకు చేరారు. సెయింట్ లూయిస్ నగరం నుంచి వచ్చినవాళ్లు సరేసరి. 1990లో ఫెర్గూసన్ జనాభాలో తెల్లవాళ్లు 74 శాతం, నల్లవాళ్లు 25 శాతం. 2000 నాటికి నల్లవాళ్లు 52 శాతం, 2010 నాటికి 67 శాతం. ఇరవై ఏళ్లలో ఊరు మారిపోయింది, పోలీసు శాఖ మారలేదు. 2014లో 54 మంది పోలీసుల్లో నల్లవాళ్లు నలుగురే.

ఇక డబ్బు సంగతి. 1980లో మిస్సోరి ప్రజలు రాజ్యాంగంలో ఒక సవరణకు ఓటేశారు. దాని ప్రకారం స్థానిక సంస్థలు పన్ను పెంచాలంటే ఓటర్ల అనుమతి ఉండాలి. వినడానికి బాగుంది. అయితే పన్ను పెంచడానికి ఓటు కావాలి గానీ చలానాలు పెంచడానికి అక్కర్లేదు. ఫెర్గూసన్‌లో ఎమర్సన్ ఎలక్ట్రిక్ లాంటి భారీ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉండేది. అలాంటి కంపెనీ ఉన్న ఊరు కూడా ఖజానా కోసం కారు నడిపేవాడి జేబు వైపు చూసింది. 2010లో జరిమానాలు, ఫీజుల రాబడి 13.8 లక్షల డాలర్లు, సాధారణ ఆదాయం 1.1 కోట్లు. 2013లో అవే 24.6 లక్షలయ్యాయి. 2015 బడ్జెట్లో 1.33 కోట్ల ఆదాయానికి 30.9 లక్షలు జరిమానాల నుంచే వస్తాయని ముందుగానే రాసుకున్నారు. జనం ఎన్ని తప్పులు చేస్తారో బడ్జెట్లో ముందే అంచనా వేసి, అంతమేరకు తప్పులు దొరికేలా చూసుకోవడం ఇది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే వింతగా తోచింది ఈ ఒక్క పద్దు.

ఇది చట్టవిరుద్ధం కూడా కాదు. మిస్సోరిలోనే మ్యాక్స్ క్రీక్ అనే చిన్న ఊరుంది, మూడు వందల జనాభా కూడా లేదు. ఊరి మీదుగా 54వ నంబరు హైవే పోతుంది. ఊరి దగ్గర స్పీడ్ లిమిట్ ఒక్కసారిగా తగ్గించి, అక్కడ పోలీసును నిలబెట్టి, దారిన పోయే టూరిస్టుల నుంచి ఊరి ఆదాయంలో మూడొంతులు పిండుకునేవాళ్లు. 1995లో రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. ట్రాఫిక్ జరిమానాలు ఊరి ఆదాయంలో 45 శాతం దాటకూడదు, దాటితే మిగతాది రాష్ట్రానికి కట్టాలి. జనం దాన్ని మ్యాక్స్ క్రీక్ చట్టం అనే పిలుస్తారు. ఆ ఊరు 1998లో దివాలా తీసింది, 2012లో మున్సిపాలిటీ హోదా కూడా వదులుకుంది. చట్టంలోని పరిమితి మాత్రం తగ్గుతూ 2013లో 30 శాతానికి వచ్చింది. ఫెర్గూసన్ లెక్కలు వేసి చూడండి, 2015 అంచనా కూడా 23 శాతం దగ్గరే ఉంటుంది. అంటే పరిమితి లోపలే. ఇంత జరిగాక కూడా ఆ ఊరు పెద్దలు మేం నిబంధనలు దాటలేదని చెప్పగలిగే స్థితిలోనే ఉన్నారు.

నిబంధనల లోపల ఏం జరిగిందో ఒక్క మనిషి కథ చాలు. 2007లో ఒక నల్లజాతి మహిళ తన కారు పెట్టకూడని చోట పెట్టింది. రెండు చలానాలు, 151 డాలర్లు, పైన ఫీజులు. ఆమె చేతిలో డబ్బు లేదు, కొన్నాళ్లు ఉండటానికి ఇల్లు కూడా లేదు. వాయిదాకు రానప్పుడల్లా, కట్టాల్సింది కట్టనప్పుడల్లా అదొక కొత్త నేరం, కొత్త జరిమానా. అలాంటివి ఏడు పడ్డాయి. రెండుసార్లు అరెస్టయి ఆరు రోజులు జైల్లో ఉంది. ఒకసారి 25 డాలర్లు, ఇంకోసారి 50 డాలర్లు పంపితే మొత్తం కట్టాల్సిందేనని కోర్టు వెనక్కి పంపింది. 2014 డిసెంబరు నాటికి ఆమె 550 డాలర్లు కట్టేసింది, ఇంకా 541 బాకీ ఉంది. ఏడేళ్ల కిందట కారు తప్పు చోట ఆపినందుకు.

మన దగ్గర 2022లో తెలంగాణ పోలీసులు పెండింగ్ చలానాల మీద బైకులకు 75 శాతం రాయితీ ఇచ్చి వసూలు చేశారు. ఆ పద్ధతి మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఫెర్గూసన్‌లో రాయితీ బదులు వారెంట్ వచ్చేది. 2013 ఒక్క ఏడాదే 9,000కు పైగా వారెంట్లు. 21 వేల జనాభా ఉన్న ఊళ్లో 2014 చివరికి 16 వేల మంది మీద వారెంట్లు నడుస్తున్నాయి, అందులో పక్క ఊళ్ల నుంచి వచ్చిపోయేవాళ్లూ ఉన్నారు. పోలీసుల పనితీరుకి కొలత చలానాల సంఖ్యే. ఒక్కసారి ఆపినప్పుడు ఎవరు ఎక్కువ రాస్తారోనని కొందరు పందెం వేసుకునేవాళ్లని నివేదిక చెప్పింది. ఒక మనిషికి ఒకే దఫా 14 రాసిన సందర్భమూ ఉంది.

భారం ఎవరి మీద పడిందో అంకెలే చెబుతాయి. 2012 నుంచి 2014 దాకా ఆపిన వాహనదారుల్లో 85 శాతం, చలానాలు పడినవాళ్లలో 90 శాతం, అరెస్టయినవాళ్లలో 93 శాతం నల్లవాళ్లు. రోడ్డు మీద సరిగా నడవలేదనే నేరం ఒకటుంది, అందులో వాళ్ల వాటా 95 శాతం. మైకేల్ బ్రౌన్‌ని విల్సన్ మొదట ఆపింది కూడా రోడ్డు మధ్యలో నడుస్తున్నందుకే. విల్సన్ అంతకుముందు పనిచేసిన ఊరు జెన్నింగ్స్. అక్కడ పోలీసులకు, నల్లవాళ్లకు పొసగక, పైగా అవినీతి ఆరోపణలు వచ్చి, 2011లో ఊరి కౌన్సిల్ మొత్తం పోలీసు శాఖనే రద్దు చేసి కౌంటీ పోలీసులకు అప్పగించింది. ఉద్యోగం పోయినవాళ్లు పక్క ఊళ్లో చేరిపోవచ్చు. ఇన్ని శాఖలు ఉండటంలో ఉన్న సౌకర్యం అదే.

నివేదిక వచ్చిన కొద్ది రోజుల్లోనే పోలీసు చీఫ్, సిటీ మేనేజర్, మున్సిపల్ జడ్జి తప్పుకున్నారు. న్యాయశాఖతో సంస్కరణల ఒప్పందం మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. ఖర్చు ఎక్కువవుతుందని 2016 ఫిబ్రవరిలో కౌన్సిల్ కొన్ని మార్పులు అడిగింది. వాటిలో ఒకటి గడుసుది. రేపు మా పోలీసు పనిని ఇంకెవరికైనా అప్పగిస్తే ఈ షరతులు వాళ్లకు వర్తించకూడదన్నది. మరునాడే న్యాయశాఖ కోర్టులో దావా వేసింది. మార్చిలో కౌన్సిల్ దిగొచ్చింది, ఏప్రిల్లో ఫెడరల్ జడ్జి ఒప్పందాన్ని ఆమోదించారు. అదే నెల ఊళ్లో పన్నుల మీద ఓటింగ్ జరిగింది. అమ్మకపు పన్ను పెంపు నెగ్గింది, ఆస్తి పన్ను పెంపునకు కావాల్సినన్ని ఓట్లు రాలేదు.

రాష్ట్రం 2015లోనే జరిమానాల పరిమితిని 20 శాతానికి, సెయింట్ లూయిస్ కౌంటీ ఊళ్లకు 12.5 శాతానికి దించింది. మాకొక్కళ్లకే ఈ తక్కువ పరిమితి ఏంటని కౌంటీలోని కొన్ని ఊళ్లు కోర్టుకెక్కాయి, 2017లో వాళ్లకు అనుకూలంగా తీర్పు వచ్చింది. ఇంకొన్ని చిన్న ఊళ్లు సొంత పోలీసులు మాని, నాలుగైదు కలిసి ఒకే శాఖ పెట్టుకున్నాయి. ఫెర్గూసన్ మాత్రం తన శాఖను ఉంచుకుంది. 2020లో ఎల్లా జోన్స్ ఆ ఊరికి తొలి నల్లజాతి మేయర్‌గా ఎన్నికయ్యారు.

చలానాలు కట్టలేక జైలుకెళ్లినవాళ్లు వేసిన దావా 2024 ఫిబ్రవరిలో రాజీకొచ్చింది. 15 వేల మందికి పైగా బాధితుల కోసం ఊరు 45 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. లాయర్ల ఖర్చులు తీయకుండా లెక్కేసినా తలకు 300 డాలర్లు మించదు. 2013 స్థాయి జరిమానాలైతే ఆ మొత్తం రెండేళ్లు తిరక్కుండానే వచ్చేసేది.