నీలాన్నే చూసే గాజుపలక

‘అమెరికా అంతర్యుద్ధం (1861–65) నాటి ఫోటోల్లో కొందరు సైనికుల కళ్లు దెయ్యాల కళ్లలా తెల్లగా ఉంటాయి, ఎందుకు?’ అని ఒక పాఠకుడు అడిగారు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మన పెద్దవాళ్లు కొందరు భయపడేవారు. ఈ ఫోటోలు చూసుంటే ఇంకా గట్టిగా నమ్మేవారేమో! అదంతా అప్పటి ఫోటో పలకల పూతలో ఉండే సిల్వర్ అయొడైడ్ అనే వెండి లవణం పని.

1862 అక్టోబరులో అలెగ్జాండర్ గార్డ్‌నర్ మేరీలాండ్‌లోని బెర్లిన్ దగ్గర ఉత్తరాది వారి పొటోమాక్ సైన్యపు వేగులవాళ్లను, దారి చూపేవాళ్లను ఒకచోట చేర్చి ఫోటో తీశాడు. గాజుపలక మీద అయొడైడ్ లవణం కలిపిన కలోడియన్ అనే జిగట ద్రావణం పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచితే సిల్వర్ అయొడైడ్ పూత ఏర్పడుతుంది; ఆ తడి ఆరేలోపే అంతా అయిపోవాలి. ఆ హడావుడి గురించి చాలామంది రాశారు. నన్ను పట్టుకున్నది ఆ పూత దేన్ని చూస్తుంది, దేన్ని చూడదు అన్నది.

వెలుతురు పడితే వెండి లవణాలు నల్లబడతాయని బడిలో చెప్పి వదిలేస్తారు. ఏ వెలుతురు? రైల్వే స్టేషన్లో బరువు తూచే మిషన్ గుర్తుందా? రూపాయి బిళ్ల పడితేనే చీటీ వస్తుంది. అర్ధరూపాయిలు గుప్పెడు పోసినా రాదు. సిల్వర్ అయొడైడ్ స్ఫటికంలో ఎలక్ట్రాన్ కదలాలంటే ఒక్క ఫోటానే (కాంతి రేణువే) సుమారు 2.9 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి తేవాలి. అంటే తరంగదైర్ఘ్యం దాదాపు 430 నానోమీటర్లకు మించకూడదు. ఊదా, నీలి కాంతుల దగ్గర ఆ రూపాయి ఉంది. పసుపు దగ్గర ఉన్నది 2.1, ఎరుపు దగ్గర 1.8. ఎండ ఎంత దంచినా అవి చిల్లరే. అందుకే పలకలు సిద్ధం చేసే చీకటి గుడారంలోకి పసుపు అద్దం గుండా వెలుతురు వచ్చినా పలక చెడేది కాదు. బ్రోమైడ్ కలిపితే హద్దు ఆకుపచ్చ వైపు కొంచెం జరుగుతుంది, అంతే.

నీలికళ్లు రూపాయి బిళ్లలను తిప్పి పంపుతాయి, కాబట్టి పలక మీద ఆ చోటు నల్లబడుతుంది; దాన్నుంచి కాగితం మీద అచ్చు తీస్తే నలుపు తెలుపు తారుమారై కళ్లు తెల్లబడతాయి. ఆకాశమూ అంతే. ఎండకు కమిలిన వేగువాడి చర్మం నీలాన్ని మింగి చిల్లర మాత్రం వదులుతుంది, కాబట్టి ముఖం అసలు కంటే నల్లగా పడుతుంది.

ఉత్తరాది సైన్యంలో చొక్కా చేతుల మీద హోదా తెలిపే పట్టీలు కాల్బలానికి లేతనీలం, అశ్వదళానికి పసుపు, ఫిరంగిదళానికి ఎరుపు. ఫోటోలో పట్టీలు తెల్లగా మెరిస్తే కాల్బలం కావచ్చని ఊహించవచ్చు. ముదురుగా పడితే మాత్రం గుర్రమా, ఫిరంగా అన్నది రంగును బట్టి తేల్చలేం. టోపీ మీది బిళ్లలో అడ్డకత్తులున్నాయా, అడ్డఫిరంగులున్నాయా అని వెతుక్కోవాలి.